పేటకొక వికాస కేంద్రము

చిక్కడపల్లి కేంద్ర గ్రంథాలయమునకు కూతవేటు దూరములో, నిన్నమొన్నటిదాక ప్లాస్టిక్ బిందెలమ్మిన యొక షట్టరు దుకాణమునందు, యువజన వికాస కేంద్రమొకటి ఈ నడుమ వెలసినది. వెలసినదనుటయే యుచితము, వీథి దేవుళ్లవలె ఇదియు ముందుగా ఎవరికిని చెప్పక, రాత్రికి రాత్రి, రాకపోకలకు సరిగా అడ్డముగా వెలసినది. తెల్లవారి పాలప్యాకెట్టుకై బయలుదేరినవారికి సందు మొదట నిలువెత్తు ఫ్లెక్సీ యొకటి యెదురై, ఈ పేట యువత ఇన్నాళ్లును వికాసము లేక పడియున్నదనియు, నేటి ఉదయము పదిగంటల నుండి ఆ లోపము తీరబోవుచున్నదనియు తెలియజేసినది.

ఆ ఫ్లెక్సీని గూర్చి రెండు మాటలు చెప్పక ముందుకు సాగుట న్యాయము కాదు. మన శిల్పశాస్త్రకారులు ప్రతిమానిర్మాణమునకు తాళమానమని యొక కొలత యేర్పరచి, ప్రధాన దేవతలకు దశతాళమనియు, మానవులకు అష్టతాళమనియు, మరుగుజ్జులకు అంతకు తక్కువయనియు నిర్ణయించినారు గదా! ఆ శాస్త్రము దేవాలయములలో అడుగంటిన మాట నిజమే కావచ్చును గాని, ఫ్లెక్సీలు ముద్రించు దుకాణములలో మాత్రము అక్షరము పొల్లుపోక నిలిచియున్నది. అధినాయకునకు దశతాళము, స్థానిక ప్రజాప్రతినిధికి నవతాళము, కేంద్రమును నెలకొల్పిన అధ్యక్షులవారు వినయశీలురు గనుక వారికి అంతకు వ్రేలెడు తక్కువ, అట్టడుగున, చుట్టును నక్షత్రములు చెక్కిన వలయములలో, తపాలాబిళ్ల ప్రమాణమున, ముప్పదిమంది యువకులు. ఎవరి వికాసమునకై ఈ యావత్ప్రయత్నము జరుగుచున్నదో వారే ఆ పటమునందు మిక్కిలి అవికసితులై యుండుట శాస్త్రము తెలియనివారికి విపరీతముగా తోచవచ్చును. వివేకానందస్వామియు ఉన్నారు. కుడివైపు మూలను చేతులు కట్టుకొని నిలిచినారు. ఫ్లెక్సీని కరెంటు స్తంభమునకు బిగించిన తీగె సరిగా వారి తలపాగా మీదుగా పోయినది.

పది గంటలకని అచ్చువేసిన సభ పండ్రెండున్నరకు మొదలయ్యెను. ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, గౌరవ అతిథి, ఆత్మీయ అతిథియని అతిథులు చాతుర్వర్ణ్యముగా విభక్తులై వేదికను నింపిరి గాని, వేదిక నిండిన కొలది ఎదుటి కుర్చీలు బోసిపోవుచుండుట గమనించిన నిర్వాహకులు, ప్రక్క సందులోని కోచింగు కేంద్రమునుండి ఒక బ్యాచి కుర్రవాండ్రను, బిర్యానీ ప్యాకెట్లు ఉన్నవని చెప్పి, తోలుకొని వచ్చిరి. జ్యోతి వెలిగించుటకు పంకాలు ఆర్పవలసివచ్చినది. ఆర్పిన పంకాలను మరల వేయుట యెవరికిని తోచలేదు. తోచిన కుర్రవాడొకడు లేచి స్విచ్చి దిక్కునకు నడవగా, క్రమశిక్షణ యువతకు ప్రాణమని వేదికమీదినుండి అతనికి హెచ్చరిక వచ్చినది. శాలువలు కప్పుట ముప్పావుగంట. వేసవి పగలు, గాలి లేని గదిలో, ఊలుశాలువ కప్పించుకొని చిరునవ్వు చెరగక నిలిచిన ఆ పెద్దల తితిక్షను నేను మెచ్చుకొనక తప్పదు.

ఉపన్యాసకులందరును నేటి యువకులే రేపటి పౌరులని సెలవిచ్చిరి. రాజ్యాంగమునకు 61వ సవరణము జరిగి, 1989 నుండి పదునెనిమిదేండ్లు నిండిన వారెల్ల ఓటర్లయి, ఆ గదిలో కూర్చున్న వారిలో పలువురు ఇప్పటికే రెండేసి మూడేసి ఎన్నికలలో వ్రేలికి సిరా పూయించుకొని యుండగా, వారి పౌరత్వము రేపటికి వాయిదాపడుట యెట్లో తెలియదు. ఓటు అడుగ వచ్చిననాడు వీరిని రేపటి పౌరులని యెవరును పిలిచినట్లు వినలేదు.

యౌవనమునకు ప్రభుత్వములు పెట్టిన సరిహద్దులును చూడదగినవి. 2003 నాటి జాతీయ యువజన విధానము పదమూడేండ్లు మొదలు ముప్పదియైదేండ్ల వరకు యౌవనమని శాసించినది. 2014 నాటి విధానము ఆ హద్దును పదునైదు మొదలు ఇరువదితొమ్మిదికి కుదించినది. దానితో, ముప్పదిరెండవ యేట నిశ్చింతగా యౌవనమనుభవించుచున్న లక్షలాది జనులు ఒక్క కాగితముతో గృహస్థులై కూర్చుండిరి. మరియొక దిక్కున తెలంగాణ ప్రభుత్వము, ప్రకటనలు సకాలమున వెలువడక ఏండ్లు గడచిపోయిన పాపమునకు ప్రాయశ్చిత్తముగా, యూనిఫారము కొలువులు తప్ప తక్కిన వానికి గరిష్ఠ వయఃపరిమితిని 2022లో 44 ఏండ్లకును, 2024లో 46 ఏండ్లకును పెంచినది. కావున ఈ పేటలో అద్దెగదియందు పుస్తకము చేతబట్టిన నలువదియైదేండ్ల పురుషుడు ఢిల్లీ గణితములో ఏనాడో యువకుడు కాకపోయినను, 2024 నాటి హైదరాబాదు గణితములో ఇంకను అభ్యర్థియే. ఈ రెండు గణితములకును అతీతుడైన మూడవవాడు యువజన సంఘాధ్యక్షుడు. అతనికి వయస్సు లేదు. కుమారుడు ఇంజనీరింగు ముగించి, కుమార్తె పురిటికి పుట్టింటికి వచ్చి, తాను మోకాళ్లకు తైలము మర్దించుకొనుచున్నను, ఫ్లెక్సీమీద అతడు యువనేతయే, యువకిశోరమే. దేవతలు నిత్యయౌవనులని పురాణములు చెప్పగా విని నవ్వినవారు మన పేటకు వచ్చి చూడవచ్చును.

ఫ్లెక్సీమీది వివేకానందస్వామివారి సంగతియే చూడుడు. 1863 జనవరి 12వ తేదీన జన్మించిన ఆ మహనీయుడు 1893 ఫిబ్రవరి 13న సికిందరాబాదు మహబూబ్ కళాశాలలో ఉపన్యసించునప్పటికే ముప్పది నిండి నెల దాటినది. ఆ సెప్టెంబరు మాసమున చికాగో వేదిక నెక్కునాటికి, 2014 నాటి విధానమును పట్టి చూడగా, ఆయన యువకుడు కాడు. ఆయన జన్మదినమును 1985 నుండి జాతీయ యువజన దినోత్సవముగా జరుపుచున్న ప్రభుత్వమే, ఆయన లోకమునకు వినబడునట్లు నోరు విప్పువేళకు ఆయన పేరు యువజనుల పట్టికనుండి కొట్టివేసినట్లయినది. ఈ చిక్కును అధ్యక్షులవారి ముందు పెట్టగా, వారు రవ్వంతయు తొణకక, "స్వామీజీకి ఏజ్ రిలాక్సేషన్ ఉంటుంది లెండి" అని సమాధానమిచ్చినారు. కొమర్రాజు వేంకట లక్ష్మణరావుగారు మిత్రులతో గూడి ఈ నగరముననే శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషా నిలయమును 1901లో స్థాపించునప్పటికి వారికి ఇరువదినాలుగేండ్లని చెప్పబోతిని గాని, అప్పటికే ఫోటోలకు పిలుపు వచ్చినది.

సంఘమును రిజిస్టరు చేయుట పెద్ద పని కాదు. 2001 నాటి సంఘముల రిజిస్ట్రేషను చట్టము ఏడుగురు సభ్యులుండిన చాలునన్నది. ఆ ఏడుగురును ఒక్క రేషను కార్డునందే దొరకుట అధ్యక్షులవారి పురాకృత సుకృతము. ధర్మపత్ని కోశాధికారిణి, బావమరది కార్యదర్శి, తోడల్లుడు సంయుక్త కార్యదర్శి. సభ్యులలో ఇరువదితొమ్మిదేండ్లకు లోపలివాడు ఒక్కడే, అతడును డాలసులో నుండి నెలకొకసారి వీడియోకాలులో కార్యవర్గమును పలుకరించును. ఇక నిధులందురా, 2013 నాటి కంపెనీల చట్టము 135వ సెక్షనులో, ఒక ప్రమాణమునకు మించిన కంపెనీలు గడచిన మూడేండ్ల సగటు నికరలాభమునుండి రెండు శాతము సమాజహితమునకు వెచ్చింపవలెనని యున్నది. వెచ్చించినట్లు రుజువు ఫోటో. కావుననే ఇట్టి కేంద్రములలో నేర్పువానికంటె ముందు ఫోటో తీయువాడు నియమింపబడును. ఉదయము కంప్యూటరు ముందు కూర్చున్న లబ్ధిదారుడే మధ్యాహ్నము చొక్కా మార్చి సెల్‌ఫోను మరమ్మతు బల్లయొద్ద ప్రత్యక్షమగును. దీనిని నైపుణ్యాభివృద్ధి యందురు. ఇందు నైపుణ్యము లేదని యెవరనగలరు?

ఇంతకును ఆ కేంద్రమున నేర్పబోవునది యేమి? ప్రథమ దినమున, బిర్యానీకి పూర్వము, దాని రుచి కొంత చూపిరి. కోటు తొడిగి, చెంపమీదికి వంగిన మైకు ధరించిన వ్యక్తిత్వ వికాసాచార్యుడొకడు వేదిక నాలుగు చెరగుల పచారు చేయుచు, గద్ద కథ చెప్పినాడు. ఈ కథ వినని తెలుగు యువకుడు నేడు లేడు. కాలేజీ మొదటి దినమున వినును, ఇంటర్వ్యూ శిక్షణలో వినును, పెండ్లికి ముందు వాట్సాప్‌లో వినును. గద్దకు నలువదియేండ్లు వచ్చుసరికి ముక్కు వంగి, గోళ్లు మొద్దువారి, ఈకలు బరువెక్కునట; అంతట నది కొండకొమ్మున కెగిరి, ముక్కును రాతికి మోది విరుగగొట్టుకొని, క్రొత్త ముక్కు మొలచిన పిదప దానితో గోళ్లను, క్రొత్త గోళ్లతో ఈకలను పెరికికొని, నూటయేబది దినములు తపస్సు చేసి, మరి ముప్పదియేండ్లు జీవించునట. పక్షిశాస్త్రమున ఇట్టి గద్ద యొక్కటియు లేదు. ముక్కు విరిగిన గద్ద ఆకలితో చచ్చును. అయినను ఆచార్యుడు ఆ కథ చెప్పునప్పుడు కన్నీరు తెచ్చుకొనిన మాట వాస్తవము.

అప్పుడు వెనుక వరుసనుండి కుర్రవాడొకడు లేచెను. చేతిలో జీవవైవిధ్యము మీద వ్రాసికొన్న నోట్సు. గ్రూప్-2 పరీక్షకు చదువుచున్నవాడు. "సార్, ముక్కు లేకపాయె, గోళ్లు లేకపాయె, ఈకలు లేకపాయె. మరి ఆ అయిదు నెలలు అదేం తింటది సార్?" అని యడిగినాడు.

సభ నవ్వినది. ఆచార్యుడు నవ్వలేదు. "చూశారా, ఇదే నెగటివ్ థింకింగ్ అంటే! గద్ద ఆ ప్రశ్న వేసుకోలేదు, అందుకే ఎగిరింది!" అని అతడు గర్జింపగా వేదికమీద చప్పట్లు మ్రోగెను.

ఆనాటి కార్యక్రమమునందు అర్థశాస్త్రమునకు సంబంధించిన వాక్యము ఆ కుర్రవాడు పలికినదొక్కటే. నడుమ ఏమి తిని బ్రతుకుట యన్న ప్రశ్నకు ఈ పేటలో ప్రతి సందులోను ఒక సమాధానమున్నది: నల్లగొండనుండియో పాలమూరునుండియో తండ్రి పంపు పైకము, చెల్లెలి పెండ్లికని దాచినదానిలో కొంత, సాయంకాలములు ట్యూషను చెప్పగా వచ్చినది కొంత, ఐదు రూపాయల భోజనము కొంత. ఎగురవలెనన్న కోరిక లేక ఎవడును అశోకనగరు హాస్టలులో నలుగురితో ఒక గది పంచుకొనడు. వారికి తెలియనిది గద్ద సంకల్పము కాదు. తెలియవలసినది పరీక్ష ఎన్నడు జరుగునో, జరిగినది నిలుచునో నిలువదో యనునది. 2022 ఏప్రిల్‌లో 503 కొలువులకు గ్రూప్-1 ప్రకటన వెలువడినది. అక్టోబరు 16న ప్రాథమిక పరీక్ష వ్రాసినారు. ప్రశ్నపత్రములను కాపాడవలసిన పబ్లిక్ సర్వీసు కమిషను కార్యాలయమునుండియే అవి బయటికి పొక్కినట్లు తేలి, 2023 మార్చిలో ఆ పరీక్ష రద్దయినది. జూన్ 11న మరల వ్రాసినారు. అభ్యర్థుల వ్రేలిముద్రలు తీసికొనలేదన్న లోపము మొదలగువానిని పట్టి, సెప్టెంబరులో హైకోర్టు దానినిని కొట్టివేసినది. 2024 ఫిబ్రవరిలో 563 కొలువులకు క్రొత్త ప్రకటన. జూన్ 9న మూడవమారు వ్రాసినారు. ఒకే ప్రాథమిక పరీక్షను మూడు పర్యాయములు వ్రాసి, మూడు పర్యాయములును మరల మొదటి పుట తెరచిన యువకుని యెదుట నిలిచి, నాయనా, నీకు ఓర్పు లేదు, కాలనిర్వహణము తెలియదు, వైఫల్యమును స్వీకరించుట నేర్చుకొనుము అని ఉపదేశించుటకు ఎంత ధైర్యము కావలెను! ఆ ధైర్యమునకే శాలువ కప్పియుందురని నా ఊహ.

నాకు ఈ వికాసవాదులతో గల పేచీ యంతయు ఇక్కడనే యున్నది. పత్రము దాచలేనివాడు పెద్ద ఉద్యోగి. వ్రేలిముద్ర తీసికొనుట మరచినది పెద్ద కార్యాలయము. ఏండ్ల తరబడి ఖాళీలు నింపనిది ప్రభుత్వము. వికాసము చాలనివాడు మాత్రము వీరందరి గుమ్మముల ముందు నిలిచిన ఇరువదియైదేండ్ల బాలుడు! ఎవరి దోషము వారియందుండగా, దాని నంతయు మూటగట్టి యువకుని మనస్సులో పడవైచి, అటుపిమ్మట ఆ మనస్సును బాగుచేసెదమని షట్టరు తెరచుట ఈ కాలపు నేర్పు. వైద్యుడే రోగమునకు తావు చూపి, రోగి ఇంటిముందే మందుల దుకాణము పెట్టినట్లున్నది. కొలువు లేదన్నవానికి నైపుణ్యము లేదందురు. నైపుణ్యమున్నదని పత్రము చూపినవానికి మాటతీరు లేదందురు. మాటతీరు నేర్చి వచ్చినవానికి దృక్పథము బాగులేదందురు. దృక్పథమును కొలుచు పరికరమును ఇంకను ఎవరును కనిపెట్టలేదు గనుక ఈ వ్యాపారమునకు నష్టభయము లేదు.

ఈ పేటలో యువతకు నిజముగా కావలసినవి కావలసినచోటనే యున్నవి. కాకున్న అరకొరగా నున్నవి. గ్రంథాలయమున్నది. తెల్లవారకమునుపే వచ్చి, ద్వారము తెరువకమునుపే వరుసలో సంచులుంచి, కుర్చీ దొరకనివారు చెట్లక్రింద చాపలు పరచుకొని చదువుచుందురు. ఇంటిపన్నుతోబాటు రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ సుంకమును మనమెల్లరము చెల్లించుచునే యున్నాము. అట్లు చెల్లించినది కుర్చీగా మారుటకు నడుమ ఎన్ని కార్యాలయములు దాటవలెనో ఆ కుర్చీకే తెలియవలెను. ఇందిరా పార్కు ప్రక్క మైదానమున్నది. సభలును ప్రదర్శనలును లేని దినములలో, పందిళ్ల గుంటలు తప్పించుకొనుచు పిల్లలు క్రికెట్టు ఆడుదురు. ధర్నా చౌకు కూడ అక్కడనే యున్నది. చదువుటకు చోటు చాలక, ఆడుటకు చోటు మిగులక, అడుగుటకు మాత్రము చోటు చూపబడిన యువకునకు అచటికి పోవుటయే సులభము. దానినిని 2017లో ఊరిబయటికి తరలించిరి గాని, మరుసటి యేడు హైకోర్టు పుణ్యమా యని తిరిగి వచ్చినది.

మైదానమన్నంతనే సయ్యద్ అబ్దుల్ రహీం గుర్తుకు వచ్చుట ఈ నగరమున పాతవారికి సహజము. ఆయన బడిపంతులు. వ్యక్తిత్వ వికాసమున పట్టా పుచ్చుకొనినట్లు దాఖలా లేదు. బంతియొకటి, మైదానమొకటి, బడి విడిచిన పిదప మిగిలిన సాయంకాలము, వీనితోడనే గల్లీ కుర్రవాండ్రను ఆడించుచు, ఒకరొక్కరే బంతిని కాళ్లకడ అట్టిపెట్టుకొని వగలుపోవుట మాన్పి ఒకరికొకరు అందించుకొనుట నేర్పించినాడు. ఆయన చేతులలో పెరిగిన హైదరాబాదు నగర పోలీసు జట్టు 1950 మొదలు ఐదేండ్లు వరుసగా రోవర్స్ కప్పు గెలుచుకొన్నది. ఆయన శిక్షణలో భారత జట్టు 1951లో ఢిల్లీయందును, 1962లో జకార్తాయందును ఆసియా క్రీడల స్వర్ణమును, నడుమ 1956లో మెల్బోర్న్ ఒలింపిక్సున నాలుగవ స్థానమును సంపాదించినది. సికిందరాబాదు చెంత అమ్ముగూడ వీథులలో ఆడుకొనిన తులసీదాస్ బలరాము ఆ మెల్బోర్న్ జట్టునందొకడు. రహీము 1963లో కన్నుమూసినాడు. బలరామునకు వికాసము కలిగించుటకు ముందు అతనితో ఎవరును గద్ద కథ చెప్పినట్లు లేదు. చెప్పియుండినను, సాయంకాలము వెలుతురు పోకముందే మైదానమునకు పరుగెత్తవలసిన తొందరలో అతడు వినియుండడు.

అధ్యక్షులవారికి ఈ మాట చెప్పిన, కాలము మారినదందురు. మారినది నిజమే. నేడు ఆటస్థలమునకు దరఖాస్తు పెట్టుకొనుటకంటె వికాస కేంద్రమునకు ముహూర్తము పెట్టుట సులువు; మైదానమునకు ప్రారంభోత్సవముండదు, ఉన్నను రిబ్బను కట్టుటకు రెండు స్తంభములు వెదకవలెను, పైగా ఒకసారి తెరచినచో పిల్లలు ఆడుకొనుచునే యుందురు గాని మరల మరల శాలువలు కప్పుటకు అవకాశమీయరు. గ్రంథాలయమునకు నూరు కుర్చీలు చేర్చినచో వానిమీద ఎవరి బొమ్మ అచ్చువేయుదురు?

కేంద్రము అటుపిమ్మట ఏమైనదని చదువరులడుగవచ్చును. మొదటి వారము నాయకత్వ శిబిరము జరిగినది. రెండవ వారము ఆచార్యునికి మరియొక పేటలో ప్రారంభోత్సవముండెను. మూడవ వారమున షట్టరు సగము వరకే తెరవబడి, బావమరదిగారు లోపల కూర్చుండి సెల్‌ఫోను చూచుకొనుచుండగా, దారిన పోవు గ్రూప్స్ అభ్యర్థి యొకడు తలవంచి చూచి, ఇచట కూర్చుండి చదువుకొనవచ్చునా యని అడిగెనట. ఆ యొక్క ప్రశ్నతో కార్యదర్శికి జ్ఞానోదయమైనది. ఇప్పుడా గది నిండ ప్లైవుడ్డుతో అడ్డుగోడలు కట్టి, ఒక్కొక్క అరలో ఒక కుర్చీ, ఒక దీపము, ఫోను ఛార్జింగునకొక ప్లగ్గు అమర్చి, ఈ చుట్టుపట్లనున్న తక్కిన స్టడీ హాళ్లవలెనే నెలకింతయని పైకము తీసికొనుచున్నారు. కుర్చీలన్నియు నిండినవి. పంకాలు తిరుగుచున్నవి. గద్ద ప్రశ్న వేసిన కుర్రవాడును అందు చేరినాడు. కిటికీ ప్రక్క స్థానమునకు కొంత ఎక్కువ రుసుమట. యువత స్వావలంబనము దిశగా అడుగువేయుచున్నదని అధ్యక్షులవారు దాతలకు పంపిన నివేదికలో వ్రాసినారు. గోడమీది క్రొత్త పలకమీద నిబంధనలు నాలుగున్నవి: రెండు నెలల రుసుము ముందుగా చెల్లింపవలెను; చెప్పులు బయట విడువవలెను; గట్టిగా మాట్లాడరాదు; అధ్యక్షులవారి జన్మదినమున హాలుకు సెలవు, సభ్యులందరును హాజరు కావలెను.